క్రైస్తవ హోమ్‌స్కూల్: ఏడు పీరియడ్ల టైంటేబుల్ తీసేసి వారాన్ని ఎలా నడపాలి?

ముందుగా అడిగిన ప్రశ్న క్లుప్తంగా: తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు, రెండేళ్ల చిన్నవాడు ఉన్న ఒక తల్లి ఈ ఏడాదే ఇంట్లో చదువు మొదలుపెట్టారు. బడిలోలాగే రోజుకు ఏడు పీరియడ్లు వేసుకున్నారు. మొదటిది బైబిల్. సోమవారం బాగానే సాగుతుంది, బుధవారానికి గాడి తప్పుతుంది, శుక్రవారానికి అమ్మకు ఏడుపొక్కటే తక్కువ. బైబిల్ పీరియడ్‌లో పిల్లలు ఆవులిస్తున్నారట. ప్రతి సబ్జెక్టునూ వాక్యంతో ముడిపెట్టాలా, చిన్నవాణ్ణి ఏం చేయాలి, పిల్లలు నిజంగా నేర్చుకుంటున్నారని ఎలా తెలుస్తుంది అని అడిగారు.

వందనాలు సిస్టర్. మా పిల్లలు ముగ్గురూ ఇంట్లోనే చదువుకున్నారు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే కుటుంబాలతో కూర్చుని వాళ్ల వారం ఎలా ఉండాలో ఆలోచించడంలో సాయం చేస్తుంటాను. మీ టైంటేబుల్‌లో నాకు కనబడిన ఇబ్బంది ఒకటే. మీరు రోజును లెక్కలోకి తీసుకున్నారు. ఇంటి చదువుకు లెక్క వారం.

బడిలో పీరియడ్లు ఎందుకున్నాయో ఒకసారి ఆలోచించండి. ఒక టీచరు అయిదారు తరగతులకు వెళ్లాలి, ఒక్కో గదిలో నలభై మంది ఉంటారు, గంట మోగకపోతే ఎవరు ఎక్కడుండాలో తెలియదు. మీ ఇంట్లో ఆ అవసరం లేదు. పాపకు లెక్కల పాఠం పాతిక నిమిషాల్లో అర్థమైపోతే లెక్కలు అయిపోయినట్టే. మిగిలిన పదిహేను నిమిషాలు పీరియడ్ నింపడానికి ఇంకో పేజీ చేయించడం వల్ల పాప నేర్చుకునేది ఏంటంటే, త్వరగా చేస్తే ఎక్కువ పని పడుతుందని.

ఇంకో సంగతి. ఇంట్లో ఎవరికో జ్వరం వస్తుంది, చుట్టాలొస్తారు, చిన్నవాడు రాత్రంతా నిద్రపోనివ్వడు. రోజును లెక్కగా పెట్టుకుంటే ఇలాంటిది ఏం జరిగినా మనం ఓడిపోయినట్టే అనిపిస్తుంది. వారాన్ని లెక్కగా పెట్టుకుంటే మంగళవారం పోయినా వారం పోదు. అందుకని నేను అందరికీ చెప్పేది ఇది: అయిదు రోజుల వారానికి నాలుగు రోజులకు సరిపడా పని మాత్రమే రాసుకోండి. శుక్రవారం కావాలనే ఖాళీగా ఉంచండి. మిగిలిపోయినవి అక్కడికి చేరతాయి. ఏమీ మిగలకపోతే పిల్లలకు బయట ఆడుకునే రోజు, మీకు ఊపిరి పీల్చుకునే రోజు.

కూర్చోబెట్టి చెప్పే చదువు ఆరేళ్లవాడికి రోజుకు గంటన్నర చాలు. తొమ్మిదేళ్ల పాపకు రెండున్నర, మహా అయితే మూడు గంటలు. ఇది చూసి చాలామంది తల్లులు కంగారుపడతారు, బడిలో ఆరేడు గంటలుంటారు కదా అని. ఆ గంటల్లోంచి హాజరు, లైన్లు, నోటుపుస్తకాలు దిద్దేదాకా ఎదురుచూడడం, పక్కవాళ్ల అల్లరికి పడే తిట్లు తీసేసి చూడండి. ఒక్క పిల్లకు దక్కే పాఠం ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది.

రోజూ తప్పకుండా జరగాల్సినవి మూడే: బైబిల్ చదవడం, లెక్కలు, చదవడం-రాయడం. మిగతావన్నీ, అంటే సైన్స్, చరిత్ర, భూగోళం, బొమ్మలు, పాటలు, వారంలో ఒకటి రెండుసార్లు వస్తే సరిపోతుంది. బైబిల్, సైన్స్, చరిత్ర ఇద్దరికీ కలిపి ఒకేసారి చెప్పండి. ఒకే కథ వింటారు, ఒకే ప్రయోగం చూస్తారు. దాంతో చేసే పని మాత్రం వయసును బట్టి మారుతుంది. లెక్కలు, చదవడం మాత్రం ఎవరివి వాళ్లకే. అక్కడ కలపబోతే పాపకు విసుగు, బాబుకు భయం.

ఇక బైబిల్ పీరియడ్. నేను చూసినంతలో పిల్లలకు ఆవులింతలొచ్చేది చదివేటప్పుడు కాదు, చదివాక మనం మొదలుపెట్టే ప్రసంగం దగ్గర. అయిదు నిమిషాలు కథ చదివి, ఇరవై నిమిషాలు 'కాబట్టి మీరు కూడా అబద్ధాలాడకూడదు, అమ్మ మాట వినాలి' అని చెబుతాం. పిల్లలు తెలివైనవాళ్లు. యోసేపు కథైనా దావీదు కథైనా చివరికి తమ గది సర్దుకోవడం దగ్గరికే వస్తుందని నాలుగు రోజుల్లో కనిపెట్టేస్తారు. ఇక కథ వినడం మానేస్తారు.

చదవండి, ఆపండి. పిల్లను తన మాటల్లో తిరిగి చెప్పమనండి. ఇంగ్లండ్‌లో షార్లెట్ మేసన్ (1842–1923) అనే క్రైస్తవ విద్యావేత్త ఈ పద్ధతిని ఇంటి చదువుకు వెన్నెముకగా పెట్టారు. ఒక్కసారే చదవాలి, పిల్ల చెబుతున్నప్పుడు మధ్యలో దిద్దకూడదు, చిన్నపిల్లలకు ఏ పాఠమూ ఇరవై నిమిషాలు దాటకూడదు అన్నది ఆవిడ పట్టుదల. వినడానికి చాలా తేలిగ్గా ఉంటుంది. చేసి చూస్తే ఎంత గట్టి పనో తెలుస్తుంది. మీరే ఒక అధ్యాయం ఒక్కసారి చదివి, పుస్తకం మూసేసి వరసగా చెప్పి చూడండి. ఏది ముందు, ఏది తర్వాత, ఎవరు ఎవరితో అన్నారు, ఎందుకు అన్నారు, ఇవన్నీ బుర్రలో ఒక క్రమంలో పడితే తప్ప నోట్లోంచి రావు. ముందు బాబుతో చెప్పించండి, తర్వాత పాప పూరిస్తుంది. ముందు పాప చెబితే బాబుకు చెప్పడానికి ఏమీ మిగలదు.

తర్వాత ఒక్క ప్రశ్న. అది జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్న కాకపోతే మరీ మంచిది. ఆ తర్వాత చిన్న ప్రార్థన. అంతా కలిపి ఇరవై నిమిషాలు. పాత అనువాదంలోని భాష బాబుకు బరువుగా ఉంటే ముందు కథ మీ మాటల్లో చెప్పి, ఆ తర్వాత వచనాలు చదవండి. ఆదికాండం, 1 సమూయేలు, మార్కు, అపొస్తలుల కార్యాలు ఈ వయసుకు బాగుంటాయి. మార్కు 16 అధ్యాయాలే, కథ పరుగెడుతుంది. ఒక పుస్తకం పట్టుకుంటే వరసగా చదవండి. ఈ రోజు నోవహు, రేపు దానియేలు, ఎల్లుండి జక్కయ్య అని గెంతితే పిల్లల మనసులో అవి విడివిడి బొమ్మలుగానే మిగిలిపోతాయి.

ఇవన్నీ ఎలా కలుస్తాయో చూపించడానికి ఒక వారం రాస్తాను. నాకు బాగా ఇష్టమైన వారం ఇది: అపొస్తలుల కార్యాలు 27వ అధ్యాయం, పౌలు ఎక్కిన ఓడ తుపానులో చిక్కుకోవడం. 44 వచనాలు, 28వ అధ్యాయంలోంచి ఇంకో పది. కథను అయిదు ముక్కలుగా విడదీయడానికి మనం కష్టపడక్కర్లేదు, అదే విడిపోతుంది.

సోమవారం 1 నుంచి 12 వచనాలు. ఖైదీగా ఉన్న పౌలును శతాధిపతి యూలి రోమాకు తీసుకెళ్తున్నాడు. మధ్యధరా సముద్రం గీతల మ్యాపు ఒకటి పెద్దగా గీసి గోడకు అంటించండి. కైసరయ నుంచి సీదోను, కుప్ర (సైప్రస్) పక్కగా మూర పట్టణం, అక్కడ అలెక్సంద్రియ ఓడలోకి మారడం, క్రేతులో మంచిరేవులు అనే చోటు. ఎక్కడిదాకా చదివితే అక్కడిదాకా పిల్లలు ఎర్ర పెన్సిల్‌తో గీత గీస్తారు. గీత రోజూ పెరుగుతుంది. ఉపవాస దినం దాటిపోయిందని ఈ పుస్తకం రాసిన లూకా ఎందుకు రాశాడో పాపకు చెప్పండి. అది యూదుల ప్రాయశ్చిత్త దినం, సెప్టెంబరు-అక్టోబరుల్లో వస్తుంది. ఆ కాలంలో నవంబరు నుంచి మార్చి దాకా మధ్యధరాలో ఓడ ప్రయాణాలు దాదాపు ఆపేసేవాళ్లు. అంటే వీళ్లు బయలుదేరేసరికే ఆలస్యమైంది. పౌలు వద్దన్నాడు, శతాధిపతి మాత్రం నావికుడి మాట, ఓడ యజమాని మాట విన్నాడు. ఈ రోజు ప్రశ్న: శతాధిపతి స్థానంలో నువ్వుంటే ఎవరి మాట వింటావు? ఓడల సంగతి తెలిసినవాడి మాట వినడం తప్పేమీ కాదు కదా. పాప చాలాసేపు ఆలోచిస్తుంది, చూడండి.

మంగళవారం 13 నుంచి 20. ఊరకులోను అనే పెనుగాలి. ఇది సైన్స్ రోజు. వంటింటి అల్యూమినియం ఫాయిల్ రెండు సమానమైన ముక్కలు తీసుకోండి. ఒకదాన్ని గట్టిగా నలిపి ఉండ చేసి, లోపల గాలి లేకుండా అదిమి నీళ్లలో వేయండి, మునుగుతుంది. ఇంకోదాన్ని పడవలా మలచండి, తేలుతుంది. బరువు అదే, ఆకారం వేరు. పడవ తన ఆకారం వల్ల ఎక్కువ నీటిని పక్కకు నెడుతుంది, ఆ నీరు దాన్ని పైకి తోస్తుంది. ఇప్పుడు పడవలో ఒక్కొక్క నాణెం వేయిస్తూ లెక్కపెట్టమనండి. అంచు నీటికి దగ్గరయ్యాక చెయ్యితో చిన్న అల పుట్టించండి. పడవలోకి నీళ్లొస్తాయి. మళ్లీ మొదలుపెట్టి, ఈసారి అల రాకముందే సగం నాణేలు తీసేయమనండి. ఓడవాళ్లు సరుకెందుకు పారేశారో ఇక మీరు చెప్పాల్సిన పనిలేదు. బాబు లెక్కపెట్టి అంకెలు వేస్తాడు. పాప ఏం చేశాం, ఏం జరుగుతుందనుకున్నాం, ఏం జరిగింది అని మూడు వాక్యాలు రాస్తుంది.

ఆ భాగంలోనే ఇంకోటి ఉంది. చాలా రోజులు సూర్యుడు గాని నక్షత్రాలు గాని కనబడలేదంటాడు లూకా, వెంటనే ప్రాణాల మీద ఆశ వదులుకున్నామంటాడు. ఈ రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయి? అప్పట్లో దిక్సూచి లేదు. యూరప్ నావికులు దాన్ని వాడినట్టు రాతల్లో కనబడేది 12వ శతాబ్దంలోనే. ఆకాశం కనబడకపోతే ఎటు పోతున్నామో తెలియదు. మా పెద్దమ్మాయికి ఈ సంగతి తెలిశాక ఆ వచనాన్ని తనంతట తానే మళ్లీ చదువుకుంది.

బుధవారం కావాలనే తేలికగా పెట్టాను, ఎందుకంటే ఏ ఇంట్లోనైనా వారం కుంగేది అక్కడే. 21 నుంచి 32 వచనాలు. పద్నాలుగో రాత్రి, నడిజామున, నావికులకు నేల దగ్గరవుతున్నట్టు అనిపించింది. తాడు వదిలి లోతు చూశారు, ఇరవై బారలు. కొంచెం ముందుకెళ్లి మళ్లీ చూశారు, పదిహేను. రెండు చేతులూ బార్లా చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఒక బార, పెద్దవాళ్లకు సుమారు 1.8 మీటర్లు. ఇరవై బారలు దాదాపు 36 మీటర్లు, పదిహేను బారలు 27. ఒక తాడుకు బారకొక ముడి వేయించండి, చివర రాయి కట్టండి. మీ బారతో ఒక తాడు, పాప బారతో ఒక తాడు. పక్కపక్కన పెడితే ముడులు కలవవు. కొలిచే మనిషి మారితే సముద్రం లోతు మారిపోతుందా? అందరూ ఒప్పుకునే కొలత ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు ఏ లెక్కల పుస్తకంలోనూ దొరకలేదు. ఇంకో చిన్న సరదా: ఎవరి బార వాళ్ల ఎత్తుకు దాదాపు సమానంగా ఉంటుంది. గోడ దగ్గర నిలబెట్టి చూడమనండి. ఆ రోజుకు లెక్కల పుస్తకం తెరవకపోయినా ఫర్వాలేదు.

ఆ భాగంలో పాప అడిగే ప్రశ్నకు ముందే సిద్ధంగా ఉండండి. ఎవరి ప్రాణానికీ హాని జరగదని దేవదూత చెప్పాడు. కాసేపటికే, నావికులు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరని పౌలే అంటాడు. దేవుడు కాపాడతానన్నాక మళ్లీ ఈ షరతు ఎందుకు? పెద్దపెద్ద వేదాంతులు శతాబ్దాలుగా మాట్లాడుకుంటున్న ప్రశ్న ఇది. తొమ్మిదేళ్ల పిల్ల దాన్ని పట్టుకుందంటే పాఠం బాగా సాగుతున్నట్టే. గబగబా జవాబు చెప్పి మూసేయకండి. నీకేమనిపిస్తోంది అని అడగండి. నాకూ పూర్తిగా తెలియదు, ఆదివారం పాస్టర్ గారిని అడుగుదాం అనండి. అమ్మకు కూడా వాక్యంలో అర్థం కానివి ఉంటాయని, అయినా అమ్మ దేవుణ్ణి నమ్ముతుందని పిల్లలు చూడడం మంచిదే.

గురువారం 33 నుంచి 44. ఓడలో ఉన్నవాళ్లు 276 మంది. బాబు చేత పుల్లలు పది పది కట్టలు కట్టించండి: 27 కట్టలు, విడిగా 6. వంద, పది, ఒకటి అన్న స్థానాలు వాడికి చేతికందుతాయి. పాప ఒక సైనికుడి వైపు నుంచి అర పేజీ రాస్తుంది. ఖైదీలను చంపేద్దామని వాళ్లు అనుకున్నారు కదా, శతాధిపతి ఆపాడు. తెల్లారాక ఒడ్డున కూర్చుని ఆ సైనికుడు ఏం అనుకుని ఉంటాడు? బాబు ఒక వాక్యం చూసి రాస్తే చాలు. ఆ వాక్యం వాడు చెప్పిందే మీరు కాగితం మీద రాసి ఇస్తే ఇంకా ఇష్టంగా రాస్తాడు.

శుక్రవారం మెలితే ద్వీపం, 28:1-10. అదే ఇప్పటి మాల్టా. గీత అక్కడికి చేరుతుంది. చలి, వాన, మంట, పాము. పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. మిగతా రోజంతా ఖాళీ. సాయంత్రం వాళ్ల నాన్నగారు మ్యాపు ముందు కూర్చుంటే పిల్లలు మొత్తం కథ చెప్పాలి. నాన్న పాత్ర ఇక్కడ చిన్నదిగా కనబడుతుంది గాని చిన్నది కాదు. నాన్న వింటాడని తెలిస్తే సోమవారం నుంచే జాగ్రత్తగా వింటారు.

ఇవన్నీ జరుగుతున్నా రోజువారీ లెక్కల పుస్తకం, చదివే పుస్తకం బుధ, శుక్రవారాలు తప్ప ఎప్పటిలాగే సాగాలి. తుపాను వచ్చిందని భాగహారం ఆగదు. కథ చుట్టూ అల్లిన పాఠాలు ఎంత బాగున్నా లెక్కలకు వరస ముఖ్యం. ఆ వరసను కథలకు వదిలేస్తే ఏడాది చివర్లో ఖాళీలు బయటపడతాయి.

ఇక మీ రెండో ప్రశ్న, ప్రతి సబ్జెక్టునూ వాక్యంతో ముడిపెట్టాలా అన్నది. అక్కర్లేదు. నా అభిప్రాయం ఇంకా గట్టిగా చెప్పాలంటే, ముడిపెట్టకూడదు. ఏడో ఎక్కం పక్కన ఒక వచనం అచ్చేసినంత మాత్రాన అది క్రైస్తవ గణితం అయిపోదు. ఎక్కానికీ అది మంచిది కాదు, వచనానికీ కాదు. ముడి వాక్యంలోనే ఉన్నచోట తీసుకోండి. నోవహు ఓడ 300 మూరల పొడవు, 50 వెడల్పు, 30 ఎత్తు. మూర 45 సెంటీమీటర్లనుకుంటే పొడవు 135 మీటర్లు. ఖాళీ మైదానంలో నడిపించి చూపించండి. గొల్యాతు ఎత్తు ఆరు మూరలు, ఒక జేన. దాదాపు 2.9 మీటర్లు. నేల మీద సుద్దతో గీసి పక్కన బాబును పడుకోబెట్టండి. ఇలాంటివి వెతకకుండానే దొరుకుతాయి. దొరకనిచోట లెక్కను లెక్కగానే చెప్పండి. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడం, కొలత తప్పు రాస్తే ఒప్పుకుని దిద్దుకోవడం కూడా భక్తిలో భాగమే. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే దృఢమైన విశ్వాసి, తన సంఘంలో పెద్దగా ఉన్నారు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు కొవ్వొత్తి గురించి ఉపన్యాసాలిచ్చినప్పుడు ఆయన వాటిని ప్రసంగాలుగా మార్చలేదు. మంట ఎలా మండుతుందో ఓపిగ్గా చూపించారు.

సృష్టి, భూమి వయసు, పరిణామ సిద్ధాంతం విషయంలో క్రైస్తవ పాఠ్యపుస్తకాలన్నీ ఒకే మాట చెప్పవు. కొనేముందు ఆ అధ్యాయాలు తెరిచి చూడండి. మీ కుటుంబం ఏది నమ్మినా, పెద్దయ్యాక పరీక్షల్లో శాస్త్రవేత్తలు చెప్పేది అడుగుతారు. దాన్ని వెక్కిరించకుండా, వాళ్లు చెప్పినట్టుగానే పాపకు నేర్పండి.

కంఠత వాక్యం గురించి మీరు అడగలేదు గాని, అడగనివాళ్లకే ఎక్కువ అవసరమవుతుంది. వారానికో కొత్త వాక్యం నేర్పి పాతవి వదిలేస్తే నెల తిరిగేసరికి ఏదీ మిగలదు. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు 1885లోనే, తన మీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందని, తర్వాత ఆ జారడం నెమ్మదిస్తుందని చూపించారు. అందుకని ఒక అట్టపెట్టెలో మూడు అరలు చేయండి: రోజూ, వారానికోసారి, నెలకోసారి. కొత్త వాక్యం కార్డు మొదటి అరలో ఉంటుంది. తడుముకోకుండా చెప్పగలిగాక రెండో అరకు, ఆ తర్వాత మూడో అరకు. మర్చిపోతే మళ్లీ మొదటికి. 23వ కీర్తన ఆరు వచనాలే, వారానికి ఒకటి చొప్పున నెలన్నరలో వచ్చేస్తుంది. తుపాను వారానికైతే 107వ కీర్తనలో ఓడలవాళ్ల భాగం, 28 నుంచి 30 దాకా, చక్కగా సరిపోతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. వాక్యాన్ని శిక్షగా వాడకండి. తమ్ముణ్ణి కొట్టినందుకు, దయగా ఉండమని చెప్పే ఎఫెసీ 4:32 ఇరవైసార్లు రాయమంటే దయ రాదు, ఆ వచనమంటేనే చిరాకొస్తుంది. తప్పు చేసినందుకు శిక్ష వేరే ఏదైనా పెట్టుకోండి. బైబిల్‌కు మార్కులు కూడా వేయొద్దు.

చిన్నవాడి సంగతి. రెండేళ్లవాడు పాఠానికి అడ్డం కాదు, వాడూ ఇంట్లో మనిషే. అయినా వాడికి ఒక ఏర్పాటు కావాలి. పాఠం సమయంలో మాత్రమే బయటికొచ్చే ఒక బుట్ట పెట్టండి. మూతలున్న డబ్బాలు, పెద్ద పూసలు, గుడ్డముక్కలు, మందపాటి అట్టల పుస్తకాలు, ఏవైనా సరే, మిగతా సమయంలో కనబడకూడదు. బైబిల్ చదివేది వాడు తింటున్నప్పుడు పెట్టుకోండి, నోరూ చేతులూ రెండూ పనిలో ఉంటాయి. మీరు పక్కనే కూర్చుని నేర్పాల్సిన లెక్కలు వాడు నిద్రపోయే గంటలో. పాప బాబుకు చదివి వినిపించే పావుగంట మీరు చిన్నవాడితో పూర్తిగా ఆడండి. ముందు వాడికి కాస్త మనం దొరికితే తర్వాత మనల్ని కాస్త వదులుతాడు.

నేర్చుకుంటున్నారో లేదో ఎలా తెలుస్తుందంటే, తిరిగి చెప్పేటప్పుడే చాలావరకు తెలిసిపోతుంది. అయినా కళ్లకు కనబడే రుజువు మనకూ ధైర్యమిస్తుంది. నెలకోసారి ఒకే రకం పేజీ చదివించి ఫోన్‌లో రికార్డు చేయండి. నెలకో రాత నమూనా తేదీ వేసి దాచండి. లెక్కల్లో ఒక పాఠం అయిన వారం తర్వాత, అదే పాఠంలోంచి అయిదు లెక్కలు సాయం లేకుండా ఇవ్వండి. నాలుగు వస్తే ముందుకు, రెండే వస్తే ఆగాలి. తరగతి పుస్తకం ఎంతవరకు అయిందన్న టెన్షన్ కంటే ఈ అయిదు లెక్కలు ఎక్కువ నిజం చెబుతాయి. వారానికో పేజీ చొప్పున ఒక నోటుపుస్తకంలో ఏం చదివాం, ఏం చేశాం అని రాసుకోండి. ముందుగా రాసే ప్లాను కాదు, జరిగాక రాసేది. నిరుత్సాహంగా ఉన్న రోజు వెనక్కి తిప్పి చూస్తే ఎంత చేశారో కనబడుతుంది.

ఆ నోటుపుస్తకం ఇంకో పనికీ వస్తుంది. ఇంటి చదువు మీద చట్టాలు దేశానికో రకం. జర్మనీలో దాదాపు పూర్తిగా కుదరదు. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ కుదురుతుంది గాని ఒక రాష్ట్రం ఏమీ అడగదు, ఇంకో రాష్ట్రం హాజరు, పరీక్షలు, పిల్లల పని నమూనాలు అన్నీ అడుగుతుంది. మీరున్నచోట నిబంధన ఏంటో ఈ నెలలోనే రాతపూర్వకంగా తెలుసుకోండి. పైతరగతి బోర్డు పరీక్షలు ఎలా రాయించాలో కూడా ఇప్పుడే కనుక్కోవడం మంచిది, పాపకు పదమూడేళ్లొచ్చాక కాదు.

స్నేహితుల గురించి అందరూ అడుగుతారు, మీరు అడగలేదు, సంతోషం. అయినా వారంలో ఒక మధ్యాహ్నం ఇంకో కుటుంబంతో గడిచేలా చూసుకోండి. ఆ కుటుంబం హోమ్‌స్కూల్ చేసేదే కావాలని, మన సంఘంవాళ్లే కావాలని లేదు. ఆదివారం మాత్రం పాఠాలు ముట్టుకోవద్దు. సండేస్కూల్‌లో ఏం చెప్పారని ఆరా తీసి దాన్నీ తిరిగి చెప్పించడం మొదలుపెడితే పిల్లలకు విశ్రాంతి దినం ఉండదు. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో పిల్లలకు నేర్పమని చెప్పిన సమయాలు చూడండి: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. అందులో పీరియడ్ లేదు. దానికి ముందు వచనంలో ఆ మాటలు నీ హృదయంలో ఉండాలని ఉంది. అది తల్లిదండ్రులకు చెప్పింది. అందుకని పిల్లలు లేవకముందు మీకంటూ పది నిమిషాలు మిగుల్చుకోండి, పాఠం తయారీకి కాదు, మీకోసం చదువుకోవడానికి.

వచ్చే సోమవారం నుంచి ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. రెండు వారాలు బైబిల్, లెక్కలు, చదవడం-రాయడం మాత్రమే చేయండి, మధ్యాహ్నానికి ముగించండి. మూడో వారం సైన్స్ చేర్చండి, నాలుగో వారం చరిత్ర, మ్యాపు. బొమ్మలు, పాటలు వాటంతటవే వస్తాయి. ఈలోపు పాప లెక్కల్లో ఎక్కడుందో, బాబు అక్షరాలు కూడబలుక్కుంటున్నాడో వాక్యాలు చదువుతున్నాడో రాయండి. వాళ్లిద్దరికీ ఏ వేగం సరిపోతుందో అప్పుడు కాస్త వివరంగా చెప్పగలను.